పాలకీ కాదు, నీళ్ళకీ కాదు

కార్తీకమాసంలో కొవ్వూరు గోష్పాద క్షేత్రం రేవు నిద్రపోదు. మూడున్నర నుంచే అరటిదొప్పల్లో దీపాలు నీళ్ళమీదికి వెళుతుంటాయి. ఏడున్నర అయ్యేసరికి జనం పలచబడతారు. మెట్లమీద పసుపు, తడిసిన పూలు, ఆరిన వత్తులు మిగులుతాయి. ఆ ఆదివారం గట్టు వెంట 28 కిలోమీటర్లు పరిగెత్తి వచ్చి, ఆ మెట్లమీదే కూలబడి బూట్లు విప్పుకుంటున్నాను. స్నానం ముగించుకుని తడిపంచెతో పైకి వస్తున్న మావయ్య నన్ను చూసి ఆగారు.

మా అమ్మకి అన్నగారు ఆయన. 72 ఏళ్ళు. రైల్వేలో గ్యాంగ్‌మేన్‌గా చేరి, ఎక్కువకాలం కీమేన్‌గా పట్టాల వెంట నడిచి, ఆ పనిలోనే రిటైరయ్యారు. నాకు 41. ఊళ్ళోనే పిల్లలకి లెక్కలు చెబుతాను. ఏడేళ్ళుగా నేను పరిగెడుతున్నాను, ఏడేళ్ళుగా ఆయన వద్దంటున్నారు. ఈ తగువు మా ఇంట్లో పండగ భోజనాల దగ్గర మొదలై చేతులు కడుక్కునేసరికి ఆగిపోతుంటుంది. ఆ రోజు మాత్రం ఆగలేదు. ఇద్దరం అనుకున్నవి రాస్తున్నాను, నా దగ్గర జవాబు లేకపోయిన చోట్లతో సహా.

మావయ్య: మొహమంతా ఉప్పు కట్టేసిందే అమ్మడూ. ఎక్కడిదాకా వెళ్ళేవు?

నేను: కుమారదేవం దాటి తాళ్లపూడి వైపు. పద్నాలుగు పోను, పద్నాలుగు రాను. క్లబ్బువాళ్ళం ఏడుగురం వెళ్ళాం మావయ్యా.

మావయ్య: అక్కడేం పని?

నేను: పనేమీ లేదండి.

మావయ్య: అదే నేనడిగేది. పరిగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలన్నారు పెద్దలు. నువ్వు పరిగెత్తి పరిగెత్తి వచ్చి ఆ సీసాలో నీళ్ళు తాగుతున్నావు. పైగా విశాఖపట్నంలో పరిగెత్తడానికి డబ్బు కట్టేవంట కదా. అలిసిపోవడానికి డబ్బు కట్టడం నేనెక్కడా వినలేదు. మాకు అలిసినందుకు జీతం ఇచ్చేవారు.

నేను: ఆ సామెత ఆశపడి పరిగెత్తేవాడికి చెప్పింది. నాకు పాలూ అక్కర్లేదు, నీళ్ళూ అక్కర్లేదు. పరిగెత్తడమే కావాలి. నిలబడితే అది దొరకదు కదా.

మావయ్య: మాటలకేం, బాగానే ఉంటాయి. మా తాతలనాడు టపా మోసే హర్కారాలు ఉండేవారు. బల్లెం, దానికి గజ్జెలు, భుజాన సంచి. ఒక మజిలీ దాకా ఒకడు పరిగెడితే అక్కణ్ణుంచి ఇంకొకడు అందుకునేవాడు. ఆ పరుగుకి ఒక ఉత్తరం ఉంది. నేను రోజూ ఐదారు కిలోమీటర్లు ఒక పట్టా చూసుకుంటూ వెళ్ళి, రెండో పట్టా చూసుకుంటూ వచ్చేవాణ్ణి. పట్టాని స్లీపరుకి బిగించే కీ ఊడితే కొట్టేవాణ్ణి, వదులైన బోల్టు బిగించేవాణ్ణి. ఆ నడకకి ఒక రైలు ఉంది. నీ పరుగు చివర ఏముంది? ఒక బిళ్ళ.

నేను: బిళ్ళ మాట వదిలేద్దాం. ఇంట్లో మేకుకి తగిలించి ఉన్నాయి, దుమ్ము తుడవడానికే పనికొస్తున్నాయి. ఇవాళ పొద్దున ఏం చూశానో చెప్పనా? నాలుగింటికి బయల్దేరాం. గట్టు మీద పొగమంచు. కుడిపక్క గోదావరి ఉందని తెలుస్తోంది కానీ కనపడదు. తడి ఒండ్రు వాసన, చల్లగాలి, అంతే. ఎడంపక్క పల్లంలో చేలు, పంట ఒరిగి ఉంది. ఒక పక్క చల్లగా, ఇంకో పక్క కొంచెం వెచ్చగా. ఏటివైపున్న చెంపకి ఒక వాతావరణం, చేలవైపున్న చెంపకి ఒకటి. నలభై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఉన్నాను. ఆ దారిన బస్సులో, బండి మీద వందసార్లు వెళ్ళి ఉంటాను. గట్టుకి రెండు గాలులుంటాయని పరిగెత్తేదాకా నాకు తెలీదు.

మావయ్య: చేలోకి నీళ్ళు పెట్టడానికెళ్ళే రైతుకి తెలుసది. పడవవాడికీ తెలుసు. వాళ్ళు చెబితే వినొచ్చుగా?

నేను: విన్న సంగతి మర్చిపోతాం. కుమారదేవంలో సినిమా చెట్టు చూడండి. ఆ నిద్రగన్నేరు కింద ఎన్ని సినిమాలు తీశారో అందరూ చెబుతారు, 2024 ఆగస్టులో కూలిపోతే పేపర్లన్నీ రాశాయి. నాకు మాత్రం ఆ చెట్టు అంటే ఆ దారిలో మేం నీళ్ళు తాగడానికి ఆగే చోటు. దాని నీడ దగ్గరికి వచ్చేసరికి కాళ్ళు వాటంతటవే నెమ్మదించేవి. చెట్టు పడిపోయిన తర్వాత కూడా చాలా వారాలు నా కాళ్ళు అక్కడ నెమ్మదించాయి. నేను మర్చిపోయినా కాళ్ళు మర్చిపోలేదు. నేను చెప్పేది ఆ ఎరుక గురించి మావయ్యా.

మావయ్య: సరే, చెట్టు సంగతి ఒప్పుకున్నాను. నాకూ గుండెల్లో కలుక్కుమంది. కానీ ట్రైల్ అంటావు, క్రాస్ కంట్రీ అంటావు, మారథాన్ అంటావు. మూడూ పరుగేగా? మూడు పేర్లెందుకు?

నేను: సార్వా, దాళ్వా రెండూ వరేగా మావయ్యా? రెండు పేర్లెందుకు? ట్రైల్ అంటే నేల చెప్పినట్టు వినడం. ప్రపంచ అథ్లెటిక్స్ నియమాల ప్రకారం ట్రైల్ దారిలో తారు, సిమెంటు వీలైనంత తక్కువగా ఉండాలి. మన గట్టు మీద తారు పడ్డ చోట మేం అంచుకి దిగి మట్టిలో పరిగెడతాం. ఎండాకాలంలో ఇసుకతిన్నెల్లోకి దిగుతాం. ఇసుకలో కిలోమీటరు రోడ్డు మీద రెండింటి పెట్టు. మడమ దిగబడిపోతుంది, పిక్కలు లాగేస్తాయి. అక్కడ వేగం గురించి ఆలోచించడం దండగ. తర్వాతి అడుగు ఎక్కడ వెయ్యాలన్నదొక్కటే ఉంటుంది.

క్రాస్ కంట్రీ వేరు. సార్వా కోతకీ దాళ్వా ఊడ్పుకీ మధ్య కొన్ని రోజులు చేలు ఖాళీగా ఉంటాయి చూడండి, అప్పుడే మనకది. వరిదుబ్బుల మీద, చేలగట్ల మీద, పంటబోదెలు దూకుతూ. ఇంగ్లండులో బడిపిల్లలు కాగితం ముక్కలు చల్లుకుంటూ ఒకళ్ళు ముందు పరిగెత్తితే, వాటిని పట్టుకుని మిగతావాళ్ళు వెతుక్కుంటూ వెళ్ళే ఆటలోంచి పుట్టింది.

మావయ్య: మినుము చల్లిన చేను తొక్కితే?

నేను: తొక్కం. కోతకి ముందే మినుము జల్లిన చేల జోలికి పోం. ముందురోజే వెళ్ళి రైతుని అడుగుతాం. వద్దంటే పక్క చేను.

మావయ్య: ఊఁ.

నేను: ఇంకొకటి వినండి. క్రాస్ కంట్రీలో మొదట వచ్చినవాడొక్కడే గెలవడు. జట్టులో ఆరుగురు దిగితే మొదటి నలుగురి స్థానాలు కూడతారు. ఎవరి మొత్తం తక్కువైతే వాళ్ళ జట్టు గెలిచినట్టు. మా క్లబ్బులో ఈ గట్టువాళ్ళం, ఆ గట్టువాళ్ళం అని విడిపోయి ఆడుకుంటాం. కొవ్వూరు జట్టులో నాది నాలుగో స్థానం ఎప్పుడూ. ముందు ముగ్గురు ఎంత తొందరగా వచ్చినా నేను చేరేదాకా లెక్క తేలదు. రాజమండ్రి పిల్ల ఒకత్తి వెనకనుంచి వస్తుంటే, ఆమె నన్ను దాటితే మా జట్టుకి ఒకటి పెరుగుతుంది, వాళ్ళకి ఒకటి తగ్గుతుంది. ఆ ఒక్క స్థానం కోసం ప్రాణం పెట్టి పరిగెత్తడం ఎంత బాగుంటుందో మీకెలా చెప్పను? పిల్లలకి కూడికలు చెబుతున్నప్పుడు కూడా నాకదే గుర్తొస్తుంది.

మావయ్య: గ్యాంగులో అంతే. పట్టా జరపాలంటే పన్నెండుమంది గడ్డపారలు ఒక్కసారి పడాలి. ఒకడు వెనకబడితే పట్టా కదలదు. పాట పాడేది అందుకే. (కాసేపు ఆగి) కానీ మోకాళ్ళు అరిగిపోతాయే. మీ అత్తయ్యని చూడు.

నేను: అత్తయ్య ఎప్పుడు పరిగెత్తింది మావయ్యా? మోకాళ్ళ సంగతి నేనూ భయపడి చదివాను. 2017లో చాలా పరిశోధనల్ని కలిపి లెక్క తీశారు. సరదాగా పరిగెత్తేవాళ్ళలో తుంటి, మోకాలి కీళ్ళు అరిగినవాళ్ళు నూటికి మూడున్నర మంది. కూర్చునే జీవితాల్లో పది మంది. కాకపోతే పోటీలకే బతికే పెద్ద క్రీడాకారుల్లో పదమూడు మంది. కాబట్టి అతిగా పోతే మీ మాటే నిజం. నేను ఆ అతికి ఇంకా చాలా దూరంలో ఉన్నాను.

మావయ్య: మోకాలు వదిలేద్దాం. ఎండ మాటేమిటి? మే నెలలో మాకు హాట్ వెదర్ పెట్రోలింగని డ్యూటీ ఉండేది. మధ్యాహ్నం పూట పట్టాల వెంట తిరగాలి. ఎందుకో తెలుసా? ఎండకి పట్టా సాగి పక్కకి వంకర తిరిగిపోతుంది. ఇనుమే వంకర తిరుగుతుంటే నువ్వెంత?

నేను: అక్కడ మీ పక్షాన నేనే సాక్ష్యం చెబుతాను. 1924లో పారిస్ ఒలింపిక్స్‌లో క్రాస్ కంట్రీ మండుటెండలో పెట్టారు. 38 మంది బయల్దేరితే 15 మందే చివరిదాకా వచ్చారు. ఫిన్లండుకి చెందిన పావో నూర్మి ఏమీ పట్టనట్టు గెలిచాడు కానీ, మిగతావాళ్ళు దారిపొడవునా పడిపోయారు. ఒలింపిక్స్‌లో క్రాస్ కంట్రీ అంతటితో సరి, మళ్ళీ పెట్టలేదు. మన దగ్గర ఎండకి ఉక్కపోత తోడు. చెమట పడుతుంది గానీ ఆరదు, ఆరితేనే కదా ఒళ్ళు చల్లబడేది. అందుకే మార్చి దాటితే మేం పొడుగు పరుగులు మానేస్తాం. నీళ్ళు తాగితే సరిపోతుందనుకోవడమూ తప్పే. 2002 బోస్టన్ మారథాన్‌లో గమ్యం దగ్గర 488 మంది రక్తం పరీక్షిస్తే, నూటికి 13 మందికి ఉప్పు ఉండాల్సినదానికంటే తగ్గిపోయి ఉంది. అతిగా నీళ్ళు తాగడం అందులో పెద్ద కారణం. నా జేబులో ఎప్పుడూ ఉప్పు కలిపిన చింతపండు ఉండ ఒకటి ఉంటుంది. చూడండి, ఇంకా సగం మిగిలింది.

మావయ్య: ఇసుక లారీలకి మందేముంది నీ జేబులో? ర్యాంపుల్లో లోడు చేసుకుని గట్టెక్కేవాడికి ట్రిప్పుల లెక్క. వాడికి నువ్వు కనపడవు. పంజాబు తాత ఒకాయన గురించి చెప్పేవు ఇదివరకు.

నేను: ఫౌజా సింగ్. 89 ఏళ్ళకి మొదటి మారథాన్ పరిగెత్తాడు. 2011లో టొరంటోలో నూరేళ్ళకి ఇంకొకటి పూర్తి చేశాడు.

మావయ్య: ఆ తర్వాతది కూడా పేపర్లో చదివేను. 2025 జులైలో, 114 ఏళ్ళప్పుడు, సొంత ఊళ్ళో రోడ్డు దాటుతుంటే బండి గుద్దేసి పోయింది. నూట పద్నాలుగేళ్ళు మోసిన గుండె కూడా బండి ముందు ఆగలేదు. నువ్వు చీకట్లో వెళ్తావు, ఆడపిల్లవి. గట్టు మీద పాములు, కుక్కలు, లారీలు, తాగినవాళ్ళు. మీ అమ్మ నాలుగింటికి లేచి నువ్వు తిరిగొచ్చేదాకా కాఫీ తాగదు, తెలుసా నీకు?

నేను: తెలుసు.

మావయ్య: నీ పిల్లలకి ఆదివారం టిఫిను ఎవరు చేస్తారు?

నేను: మా అత్తగారు.

మావయ్య: ఆవిడ వయసెంత?

నేను: 67.

మావయ్య: మరి నువ్వు పరిగెత్తే మూడు గంటలూ ఎవరివి?

దీనికి నా దగ్గర సమాధానం లేకపోయింది. ఇప్పుడూ లేదు. మా ఆయన దోసెలు పోస్తారని చెప్పొచ్చు, అప్పుడప్పుడూ పోస్తారు కూడా. కానీ పిండి రుబ్బేది ఆవిడే. నా పరుగు ఆవిడ నడుం మీద నుంచి వెళుతోందని ఆ మెట్లమీద కూర్చున్నప్పుడు మొదటిసారి లెక్కగా కనపడింది.

నేను: అది నా తప్పే మావయ్యా. సరిచెయ్యాలి. కానీ దానికి పరుగు మానడం విరుగుడు కాదు, పని పంచుకోవడం విరుగుడు. నేను మానేస్తే ఆ మూడు గంటలు ఆవిడకి తిరిగి రావు, ఇంకేదో పని వచ్చి కూర్చుంటుంది. మొదటి రెండేళ్ళు నేనెలా పరిగెత్తానో మీకు తెలీదు. చున్నీకి నాలుగు పిన్నీసులు పెట్టుకుని, ఎవరైనా ఎదురైతే నడకలోకి దిగిపోయి, వాళ్ళు దాటాక మళ్ళీ పరుగు. పరిగెడుతున్న ఆడదాన్ని చూస్తే జనానికి రెండే అనుమానాలు, ఇంట్లో ఏదో జరిగింది లేకపోతే దీనికి మతిపోయింది. గర్భసంచి జారిపోతుందని ఒకావిడ రేవులోనే ఆపి చెప్పింది. ఆ మాట ఆవిడ సొంతం కాదు, ప్రపంచమంతా అదే చెప్పారు. 1928 ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళు 800 మీటర్లు పరిగెత్తి అలిసిపోయారని, 1960 దాకా ఆ పందెమే తీసేశారు. అలిసిపోవడం మగవాళ్ళకి పౌరుషం, ఆడవాళ్ళకి జబ్బు. 1966లో బాబీ గిబ్ అనే అమ్మాయి బోస్టన్ మారథాన్‌లో చోటివ్వకపోతే పొదల్లో దాక్కుని, పందెం మొదలయ్యాక జనంలో కలిసిపోయి 42 కిలోమీటర్లూ పరిగెత్తింది. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ మారథాన్ 1984లో గానీ రాలేదు. నేను అప్పటికే పుట్టేశాను.

మావయ్య: మీ అమ్మ చిన్నప్పుడు బాగా పరిగెత్తేది.

నేను: అమ్మా?

మావయ్య: రేగుపళ్ళకి. నాకు అందేది కాదు. ఓణీ వేసిన రోజున ఆపేసింది. ఎవరూ వద్దనలేదు. ఆపేసింది, అంతే.

ఆయన కాసేపు నీళ్ళవైపు చూశారు. రైలు వంతెనల మీదుగా ఏదో గూడ్సు బండి వెళుతోంది. ఆర్చీల వంతెన పక్కన పాత హేవలాక్ వంతెన స్తంభాలు మంచులోంచి ఒక్కొక్కటే తేలుతున్నాయి.

నేను: ఆ పాత వంతెన మీద ఒక్కసారి పరిగెత్తాలని నాకు ఎప్పట్నుంచో కోరిక.

మావయ్య: వద్దు.

నేను: ఎందుకు? 1997 నుంచి దానిమీద రైలు లేదు కదా.

మావయ్య: అదేం ఆటస్థలం కాదు. 1900లో తెరిచేరు దాన్ని. 56 ఖానాలు. ఒక్కొక్క ఖానా నేను మోకాళ్ళ మీద చూసుకున్నదే. కింద గోదావరి, స్లీపర్ల సందులోంచి నీళ్ళు పరిగెత్తుతుంటే మనమే పడిపోతున్నట్టు ఉంటుంది. అక్కడక్కడ పక్కకి తప్పుకోవడానికి చిన్న అరుగులుంటాయి. బండి వస్తే అందులో నిలబడాలి. బండి పోయేదాకా వంతెన నీ ఎముకల్లో మోగుతుంది. అటువంటి చోట బనీన్లేసుకుని పరిగెడతారా?

నేను: మీరు చెప్పిందే నాకు కావాలి మావయ్యా. ఎముకల్లో మోగడం. హైదరాబాద్‌లో మొదటి ఫుల్ మారథాన్ పరిగెత్తాను. నెక్లెస్ రోడ్డు దగ్గర మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగుస్తుంది. ఫ్లైఓవర్ల మీద ఫ్లైఓవర్లు. 30 దాటాక ఒంట్లో ఏమీ లేదు. కండల్లో, కాలేయంలో దాచుకునే పిండిపదార్థం మహా అయితే రెండు వేల కేలరీలు. కిలోమీటరుకి అరవై డెబ్బై చొప్పున ఖర్చు పెట్టుకుంటూ పోతే ఎక్కడ అయిపోతుందో పిల్లలక్కూడా తెలిసే లెక్క. లెక్కప్రకారం నేను ఆగిపోవాలి. 32 దగ్గర డివైడర్ పట్టుకుని ఏడ్చాను. ఎందుకు ఏడుస్తున్నానో తెలీదు, నొప్పికి కాదు. తర్వాత నడిచాను, మళ్ళీ పరిగెత్తాను. ఇంకేమీ మిగలని చోట కూడా అడుగు పడుతుందని నాకు ఎవరు చెబుతారు? బళ్ళో చెప్పరు, వంటింట్లో చెప్పరు.

మావయ్య: నాకు 86 వరదల్లో తెలిసింది. ఆగస్టు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు. రాత్రి పెట్రోలింగు. చేతిలో సిగ్నల్ దీపం, నెత్తిమీద గోనెసంచి. కట్ట ఎక్కడ కోసుకుపోతోందో చూడాలి. నా బీటు చివర రెండోవాడు ఎదురొస్తే ఇద్దరం పుస్తకాలు మార్చుకుని వెనక్కి తిరగాలి. మూడు రాత్రులు. మూడో రాత్రి బెల్లంముక్క కూడా అయిపోయింది. కాళ్ళు ఉన్నాయో లేవో తెలీదు. దీపం కదులుతోంది కాబట్టి నేను నడుస్తున్నానని అనుకున్నాను.

నేను: అదే మావయ్యా! అదే చోటు అది.

మావయ్య: కాదు. అదే చోటు కాదు. నువ్వాగితే అంబులెన్సు వస్తుంది. నేనాగితే రైలు వస్తుంది.

ఆ మాటతో నేను నోరెత్తలేదు. ఆయన గొంతులో కోపం లేదు. నా బూటు ఒకటి చేతిలోకి తీసుకుని అడుగుభాగం తిప్పి చూశారు, పట్టాకీ స్లీపరుకీ మధ్య రబ్బరు ప్యాడు చూసినట్టు.

నేను: ఆ తేడా కాదనను. మీది అవసరం, నాది ఇష్టం. కానీ ఇష్టం తక్కువదెలా అయింది? నన్ను ఎవరూ పొమ్మనలేదు. ఎవరూ కొలవడం లేదు. పొద్దున్నుంచి రాత్రిదాకా బెల్లు కొడితే లేస్తాను, బెల్లు కొడితే కూర్చుంటాను. ఆ గట్టు మీద మాత్రం అడుగు నాది. ఎంత పొడుగు వెయ్యాలో, ఎప్పుడు వెయ్యాలో నా ఇష్టం.

మావయ్య: అడుగు నీదా? నా సంగతి విను ముందు. ఇప్పుడు కిలోమీటరుకి 1,660 స్లీపర్లు. అంటే రెండింటి మధ్య అరవై సెంటీమీటర్లు. స్లీపరు వెంట స్లీపరు మీద అడుగేస్తే కురచ. ఒకటి వదిలి వేస్తే చాచినా అందదు. మధ్యలో కంకర మీద వేస్తే చీలమండ తిరుగుతుంది. కాబట్టి జీవితమంతా కురచగానే నడిచేను. రిటైరయ్యాక మీ అత్తయ్యతో బజారుకెళ్తే, ఏంటండీ ఆ నడక, కాళ్ళకి తాడు కట్టినట్టు, అనేది. నా అడుగు నాది కాదు, రైల్వేది. నాకు తెలుసు. మరి నీ చేతికున్నది ఏంటి?

నేను: వాచీ. జీపీఎస్.

మావయ్య: ఇందాకట్నుంచి నాతో మాట్లాడుతూ నాలుగుసార్లు చూసేవు దాన్ని. ఏం చెబుతోంది?

నేను: కిలోమీటరుకి ఎంతసేపు పట్టిందో. గుండె ఎంత కొట్టుకుందో. అడుగులు నిమిషానికెన్నో.

మావయ్య: అది ఎక్కువ చూపిస్తే?

నేను: తగ్గిస్తాను.

మావయ్య: తక్కువ చూపిస్తే?

నేను: పెంచుతాను.

మావయ్య: అది నీ స్లీపరు కాదా అమ్మడూ?

నేను వాచీ వైపు చూసి, మళ్ళీ చూసినందుకు సిగ్గుపడ్డాను. విశాఖ మారథాన్ మూడు వారాల్లో ఉంది. వాచీ తీసేసి పరిగెత్తడం ఇప్పుడు కుదరదు, నిజం చెప్పాలంటే ధైర్యమూ లేదు. ఇసుకతిన్నెల్లో పరిగెత్తేటప్పుడు మాత్రం దాన్ని చూడను, అక్కడ చూసి లాభం లేదు కనుక. నేను ట్రైల్‌ని అన్నిటికంటే ఎక్కువ ప్రేమించేది బహుశా అందుకేనేమో. ఆ మాట ఆయనతో అనలేదు. ఇంకొకటి అడిగాను.

నేను: మీరెప్పుడూ పరిగెత్తలేదా మావయ్యా?

మావయ్య: కీమేను పరిగెత్తడు. పరిగెత్తేవాడికి ఊడిన కీ కనపడదు.

నేను: ఒక్కసారి కూడా?

మావయ్య: (చాలాసేపటికి) పరిగెత్తమని రూలుంది. పట్టా విరిగింది కనపడితే ఎర్రజెండా ఎత్తి, బండి వచ్చేవైపు పరిగెత్తాలి. ఆరు వందల మీటర్ల దగ్గర పట్టామీద ఒక డిటొనేటరు కట్టాలి. పన్నెండు వందల మీటర్ల దగ్గర మూడు, పదేసి మీటర్ల ఎడంగా. బండి చక్రం ఎక్కితే పేలతాయి. డ్రైవరుకి వినపడుతుంది. చలికాలంలోనే పట్టాలు విరుగుతాయి, రాత్రి చలికి ముడుచుకుని.

నేను: విరిగిందా?

మావయ్య: పసివేదల ఇవతల. సంక్రాంతి ముందు. ఇంకా పూర్తిగా తెల్లారలేదు. ఎడంపక్క పట్టా, వెల్డింగు దగ్గర, వేలు పట్టేంత సందు. బండికి టైమైపోయింది. ఎర్రజెండా తీసేను, సంచి అక్కడే పారేసేను, డిటొనేటర్ల డబ్బా ఒక్కటే చేత్తో పట్టుకున్నాను.

నేను: పన్నెండు వందల మీటర్లూ?

మావయ్య: మూడూ కట్టేక లైటు కనపడింది.

నేను: ఈ సంగతి ఎవరికీ చెప్పలేదే మీరు.

మావయ్య: అందరు కీమేన్లూ చేసేదే. చెప్పేదేముంది?

బూటు నా పక్కన పెట్టారు. పంచె అంచు పిండుకున్నారు. లేచి వెళ్ళిపోతారనుకున్నాను. లెక్కల పంతులమ్మని కదా, నోటిలెక్క దానంతటదే నడుస్తోంది: కిలోమీటరుకి పదహారు వందల అరవై, పన్నెండు వందల మీటర్లకి రెండు వేలకి కాస్త తక్కువ.

నేను: మావయ్యా, ఆ రోజు అడుగులెలా పడ్డాయి?

మావయ్య: రెండేసి స్లీపర్లు.

నేను: అందదన్నారు కదా?

మావయ్య: నడిస్తే అందదే. ఆ రోజు ఒక్కటి కూడా తప్పలేదు.